సభ కట్టినవాడి ధర్మం

2015 నవంబరులో పోకర్‌స్టార్స్ అనే ఆన్‌లైన్ పోకర్ సంస్థ ఒక నిర్ణయం ప్రకటించింది. అప్పటికి ఆ రంగంలో ప్రపంచంలోకెల్లా పెద్ద సైటు అదే. ఏడాదిలో 10 లక్షల వీఐపీ పాయింట్లు కూడబెట్టినవారికి అది 'సూపర్‌నోవా ఎలైట్' అనే హోదా ఇచ్చి, వాళ్లు కట్టిన రుసుములో పెద్ద భాగాన్ని బహుమతుల రూపంలో తిరిగి ముట్టజెప్పేది. 2016 నుంచి ఆ ప్రయోజనాలను బాగా కుదిస్తున్నామని ఇప్పుడు చెప్పింది. ఏడాది పొడుగునా ఆడి పాయింట్లు పూర్తిచేసినవాళ్లు, మరుసటి ఏడాది అందవలసిన ఫలం ఆఖరి నిమిషంలో చేజారిందని మండిపడ్డారు. డిసెంబరు 1 నుంచి 3 వరకు ఆట మానేసి నిరసన తెలిపారు. సైటు వాదన వేరు. ఎక్కువసేపు ఆడినవాడికే ఎక్కువ ఇస్తూ పోతే టేబుళ్లు వృత్తి ఆటగాళ్లతో నిండిపోతాయి, సరదాకి వచ్చినవాడికి ఆటలో సుఖం మిగలదు, ఆట మొత్తానికే అది చేటు అన్నది దాని సారాంశం. ఒక పక్షం మాట తప్పారని అంది, రెండో పక్షం ఆట బాగు కోసమేనంది. ఎవరి పేరు చెప్పి ఈ మార్పు చేశారో ఆ సరదా ఆటగాడు మాత్రం ఈ తగవులో ఎక్కడా కనిపించడు. అతనికి తన పేరు మీద ఇంత వివాదం నడుస్తోందన్న సంగతే తెలియకపోవచ్చు. ఈ లోపంలోనే అసలు ప్రశ్న దాగి ఉంది. సమానులు కానివాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు, ఆ బల్ల వేసి అద్దె పుచ్చుకునేవాడు బలహీనుడికి ఏమి బాకీ పడతాడు? దీన్ని వ్యాపార ప్రశ్నగానే చర్చిస్తూ వచ్చారు. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అనీ, మన గ్రంథాలు దీన్ని చాలా కాలం క్రితమే నిశితంగా పరిశీలించాయనీ నా నమ్మకం.

ముందుగా ఆ బల్ల లెక్క చూడాలి. పోకర్‌లో సైటు తానుగా పందెం కాయదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడుకుంటారు. కుప్ప పడిన పందెంలోంచి సైటు సాధారణంగా 5 శాతం దాకా, ఒక గరిష్ఠ పరిమితికి లోబడి, రుసుము తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. కాబట్టి ఆ బల్ల మీద కొత్తగా సంపద పుట్టదు. ఒకరు గెలిచిన ప్రతి రూపాయీ ఇంకొకరు పోగొట్టుకున్నదే. అందులోంచి రేక్ కూడా పోతుంది గనుక ఆటగాళ్లందరినీ కలిపి లెక్కేస్తే ఎప్పుడూ నష్టమే తేలుతుంది. రోజూ గంటల తరబడి, ఒకేసారి ఎనిమిదీ పదీ టేబుళ్ల మీద ఆడే రెగ్యులర్ల వల్ల సైటుకు రెండు మేళ్లు జరుగుతాయి. ఏ వేళప్పుడు వచ్చినా ఆట దొరుకుతుంది, ఆడిన చేతుల నుంచి, అంటే ఒక్కో పంపకంలో సాగే ఆట నుంచి, రేక్ జమవుతుంది. అయితే రెగ్యులర్లు బతికేది ఒకరి డబ్బు మీద ఒకరు కాదు. బయటి నుంచి కొత్త డబ్బు తెచ్చేది జీతంలో కొంత తీసి సరదాకి వచ్చినవాడు. 2003లో టెన్నెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి, దాని ద్వారా లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో కూర్చుని 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది ప్రధాన పోటీలో దిగినవారు 839 మంది. మూడేళ్ల తరువాత ఆ సంఖ్య 8,773కు పెరిగింది. మామూలు మనిషి కూడా గెలవగలడన్న ఆశ లక్షల మందిని ఆన్‌లైన్ టేబుళ్లకు రప్పించింది. సరదా ఆటగాళ్లకూ రెగ్యులర్లకూ మధ్య పాటిస్తున్నామని సైట్లు చెప్పే సమతుల్యం అంటే ఇలా వచ్చిన డబ్బు ఎంత నెమ్మదిగా, ఎవరి చేతుల్లోకి, ఎంత రేక్ కట్టి చేరాలన్న లెక్కే.

ఆ ఆశలో ఎంత నిజముందో పరిశోధకులు కొలిచారు. అమెరికా ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, థామస్ మైల్స్ 2010 నాటి వరల్డ్ సిరీస్ ఫలితాలను పరిశీలించారు. ముందే నిపుణులుగా పేరుపడినవారు పెట్టిన సొమ్ము మీద సగటున 30 శాతానికి పైగా లాభం పొందితే, మిగిలినవారు 15 శాతానికి పైగా నష్టపోయారని తేలింది. 2015లో రోజియర్ పోటర్ వాన్ లూన్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక ఏడాదిలో జరిగిన ఆన్‌లైన్ ఆటల సమాచారాన్ని, కోట్ల సంఖ్యలో చేతులను, విశ్లేషించారు. ఒక కాలంలో బాగా ఆడినవాళ్లే తరువాతి కాలంలోనూ బాగా ఆడుతున్నారనీ, సుమారు 1,500 చేతులు దాటితే అదృష్టం కన్నా నైపుణ్యానిదే పైచేయి అనీ వాళ్లు తేల్చారు. ఈ అంకె దగ్గర కొంచెం ఆగాలి. ఒక ఆన్‌లైన్ టేబుల్ మీద గంటకు 70 చేతుల లెక్కన ఎనిమిది టేబుళ్లు ఆడే రెగ్యులర్ మూడు గంటల్లోపే 1,500 చేతులు దాటేస్తాడు. వారానికి రెండు గంటలు ఒకే టేబుల్ మీద ఆడేవాడికి అదే దూరం రెండు నెలలకు పైగా పడుతుంది. ఒకే బల్ల దగ్గర కూర్చున్నా ఇద్దరూ ఒకే ఆట ఆడటం లేదు. ఒకరికి అదృష్టం సాయంత్రానికల్లా సర్దుకుపోయే చిన్న ఒడిదుడుకు. రెండోవాడికి నెలల తరబడి కళ్లు కప్పే పొర. ఓడినప్పుడు ముక్కలు కలిసిరాలేదనుకుంటాడు, గెలిచినప్పుడు తనకు ఆట వచ్చిందనుకుంటాడు. తాను ఏ స్థాయిలో ఉన్నాడో అతనికి తెలియజెప్పే సాక్ష్యం ఆటలోంచి అంత తొందరగా బయటపడదు.

చట్టం ఈ చోట విచిత్రమైన పాత్ర పోషించింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద నడిచిన కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని తీర్పు చెప్పింది. ఆ తరువాత దేశంలో పేకాట మీద వచ్చిన ప్రతి వాదనకూ సికింద్రాబాద్ కేసే ఆధారమైంది. నైపుణ్యం ఉంటే జూదం కాదు, జూదం కాకపోతే దోషం లేదు అన్న గొలుసు దాన్నుంచే అల్లుకుంది. కానీ నైతికంగా చూస్తే ఈ గొలుసు తిరగబడుతుంది. కేవలం అదృష్టం మీద నడిచే ఆటలో అనుభవం లేనివాడికీ అనుభవజ్ఞుడికీ అవకాశం సమానం. నైపుణ్యం పెరిగే కొద్దీ బలహీనుడి ఓటమి ఖాయమవుతుంది. చట్టం ముందు ఆటను కాపాడిన గుణమే బల్ల దగ్గర బలహీనుడిని ముంచుతోంది. అదే తీర్పులో కోర్టు మరో మాట కూడా అంది. క్లబ్బు యజమాని ఆ ఆట నుంచి లాభం పొందుతున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిలబడవచ్చని సూచించింది. నైపుణ్యం మాట అందరికీ గుర్తుండిపోయింది, లాభం మాటను చాలామంది మరిచారు. నా దృష్టిలో రెండో మాటే లోతైనది. ఆట ఎలాంటిది అన్న ప్రశ్న దగ్గరే ఆగకుండా, ఆటను నడిపేవాడు ఎలా బతుకుతున్నాడని కూడా అది అడిగింది.

మహాభారతం సభాపర్వంలో ఇదే చర్చ జూదం మొదలయ్యే ముందు నడుస్తుంది. జూదంలో మోసం తగదని ధర్మరాజు అంటే శకుని ఇచ్చిన జవాబును మనం తేలిగ్గా తీసేయలేం. చదువుకున్నవాడు చదువు లేనివాడి మీద, బలవంతుడు బలహీనుడి మీద, పాచికలు తెలిసినవాడు తెలియనివాడి మీద తన ఆధిక్యాన్నే వాడుకుంటాడు, లోకం దాన్ని మోసం అనదు అంటాడతను. భయమైతే తప్పుకోమని కూడా చెబుతాడు. పిలిస్తే వెనుదిరగనన్నది తన వ్రతమని ధర్మరాజు కూర్చుంటాడు. ఈనాటి రెగ్యులర్ల వాదనలో ఉన్నవి సరిగ్గా ఈ రెండు మాటలే. నేర్చుకుని గెలిచాను, అది నా శ్రమ. అతను తన ఇష్టంతో వచ్చాడు, అది అతని నిర్ణయం. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవన్న కథ మన ఊళ్లలో బాగా ప్రచారంలో ఉంది గానీ వ్యాసభారతంలో అది లేదు. పాచికల్లో మాయ ఉందనుకుంటే సమస్య తేలికైపోతుంది, మోసగాణ్ని తిట్టి ఊరుకోవచ్చు. మాయ ఏమీ లేదనుకుని ఆ సన్నివేశాన్ని చదివితేనే కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. నిజాయితీగా ఆడిన నిపుణుడు, తన స్థాయి తెలియనివాణ్ని దివాలా తీయిస్తే తప్పు ఎక్కడుంది?

రెగ్యులర్‌కు దక్కవలసిన న్యాయం ముందుగా దక్కనివ్వాలి. అతను ముక్కలు మార్చడు, ఎదుటివాడి చేతిలోకి తొంగిచూడడు. గంటల తరబడి లెక్కలు అభ్యసిస్తాడు, తన డబ్బునే పణంగా పెడతాడు. చదరంగంలో ఇలాంటి శ్రమను గౌరవిస్తాం, పోకర్‌లో ఎందుకు తప్పుపట్టాలని అతను అడిగితే ఆ ప్రశ్న సమంజసమే. కానీ చదరంగంలో ప్రతి పోటీ ఆటగాడి పేరు పక్కనా అతని రేటింగ్ ఉంటుంది. 1400 రేటింగ్ ఉన్నవాడు 2600 ఉన్నవాడి ఎదుట కూర్చుంటే ఓడతానని తెలిసే కూర్చుంటాడు, ఆ ఓటమిలో పాఠం వెతుక్కుంటాడు. శకుని ఇచ్చిన ఉదాహరణల్లోనూ ఈ వెలుగు ఉంది. ఎదుటివాడు తనకన్నా చదువుకున్నవాడని సభలో రెండు మాటలకే తెలిసిపోతుంది. బలాబలాలు మల్లబరిలో కంటికి కనిపిస్తాయి. అతని వాదన తర్కంగా నిలబడాలంటే ఆధిక్యం ఇరువురికీ తెలిసి ఉండాలి. ధర్మరాజుకు జూదమంటే ఇష్టమే గానీ ఆడటం రాదని శకుని దుర్యోధనుడితో ముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట ధర్మరాజు ముందు చెప్పలేదు. నైపుణ్యంలో తేడా ఉండటం అధర్మం కాదు. తేడాను ఒక పక్షానికి తెలియనివ్వకుండా పందెం కాయించడం దగ్గర అధర్మం మొదలవుతుంది.

ఇక తెలియజెప్పవలసింది ఎవరు? ప్రత్యర్థి తన బలాన్ని తానే చాటుకోవాలని ఏ ఆటలోనూ నియమం పెట్టలేం. ఇక్కడే ఆ కథలో మనం తరచు దాటేసే మనిషి గుర్తుకు రావాలి. జూదం కోసం వేయి స్తంభాల సభ కట్టించినవాడు ధృతరాష్ట్రుడు. విదురుణ్ని పంపి పాండవులను పిలిపించినవాడూ అతనే. ఎవరు గెలుస్తారో కొడుకూ బావమరిదీ చెప్పగా విన్నాడు, ఫలితం ఏమవుతుందో విదురుడు హెచ్చరించగా విన్నాడు. ఆట సాగుతుంటే గెలిచామా, గెలిచామా అని ఆత్రంగా అడిగాడు. అతను పాచిక ముట్టలేదు, పందెం కాయలేదు. అయినా మహాభారతం అతణ్ని నిర్దోషిగా వదిలిపెట్టలేదు. ఇరుపక్షాల సంగతీ తెలిసి, ఆపగల అధికారం కూడా ఉన్నవాడు అతనొక్కడే. తెలిసినవాడి మీద, ఆపగలవాడి మీద బాధ్యత ఎక్కువ పడుతుందన్నది ఆ కథ చెప్పే నీతి. ఈనాటి సైటు స్థానం ధృతరాష్ట్రుడిదే. ఖాతా తెరిచిన రోజు నుంచి ఎవరు ఎంత వేశారు, ఎన్ని చేతులు ఆడారు, ఎంత పోగొట్టుకున్నారు, ఏ వేళ ఎవరి చేతిలో ఓడుతున్నారు అన్నది దానికి పైసాతో సహా తెలుసు. సరదా ఆటగాడికి తన గురించే సరిగ్గా తెలియదు. రెగ్యులర్‌కు కొంత తెలుసు. సైటుకు అంతా తెలుసు. పైగా ధృతరాష్ట్రుడికి లేని ఆదాయం సైటుకు ఉంది. ఎవరు గెలిచినా దాని వాటా దానికి చేరుతుంది.

మన ప్రాచీన శాస్త్రాలు ఈ సభ నడిపేవాణ్ని ప్రత్యేకంగా గుర్తించాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అనే అధికారి ఉంటాడు. జూదం ఒకే చోట జరగాలి, పాచికలు అతనే సరఫరా చేయాలి, వాటిని మార్చినవాడికి 12 పణాల జరిమానా వేయాలి. గెలిచిన సొమ్ములో అతను 5 శాతం తీసుకోవాలి. ఈనాటి రేకూ సుమారుగా అంతే కావడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, సభ నడిపేవాడి ఆదాయం గురించిన ఆలోచన మాత్రం కొత్తది కాదని అది చెబుతుంది. యాజ్ఞవల్క్యస్మృతి జూదశాల నడిపేవాణ్ని సభికుడు అంటుంది. రాజరక్షణ పొందినందుకు అతను రాజుకు భాగం కట్టాలి, గెలిచినవాడికి సొమ్ము వసూలు చేసి ఇప్పించాలి, ఓర్పుతో మెలిగి సత్యమైన మాట చెప్పాలి. ఆనాడు ఆ సత్యవాక్యం జూదరుల నమ్మకం నిలవడానికి ఉద్దేశించినది కావచ్చు. కానీ సభికుడి విధుల్లో సత్యాన్ని చేర్చడం చిన్న విషయం కాదు. పాచికలు సరైనవని చెప్పడంతో ఆనాడు సత్యం పూర్తయ్యేది, సభికుడికి అంతకు మించి తెలియదు గనుక. ఈనాటి సభికుడికి ప్రతి ఆటగాడి భవిష్యత్తు గురించీ దాదాపు నమ్మకమైన అంచనా ఉంది. తెలిసినంత మేరా సత్యం చెప్పవలసిందేనంటే, ముక్కలు నిజాయితీగా కలిపామన్న ధ్రువపత్రంతో అతని బాకీ తీరదు.

ఈ కొలతతో సైట్లు చేపట్టిన చర్యలను చూస్తే వాటిలో మంచీ చెడూ వేరుపడతాయి. ఒక్కొక్క చర్య గురించీ ఒకే ప్రశ్న అడగాలి. ఇది బలహీనుడికి తన స్థితి తెలిసేలా చేస్తోందా, లేక తెలియకుండానే ఎక్కువ కాలం కూర్చోబెడుతోందా? బలహీనుడు ఏ టేబుల్ దగ్గర ఉన్నాడో వెతికి క్షణంలో అక్కడి ఖాళీ కుర్చీ పట్టేసే ప్రోగ్రాములను నిషేధించడం నిస్సందేహంగా న్యాయం. అది వేటను ఆపింది. 2011లో బోడాగ్ అనే సైటు పేర్లు లేని టేబుళ్లు తెచ్చింది. 2019లో పార్టీపోకర్ సైటు ఆటగాళ్ల చేత పేర్లు మార్పించి, ఆడిన చేతుల రికార్డును ప్రత్యర్థుల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌కు అందకుండా చేసింది. ప్రత్యర్థి చేతిలో అస్త్రం తీసేయడం వరకు ఇదీ మంచిదే. అయితే తన రికార్డు తానే చదువుకోవడం కష్టమైతే, ఎవరి చేతిలో మాటిమాటికీ ఓడుతున్నాడో గుర్తుపట్టే వీలు పోతే, ఆ చీకటి బలహీనుణ్ని కూడా కమ్ముతుంది. 2014లో వచ్చిన స్పిన్ అండ్ గో ఆటల్లో ముగ్గురు కూర్చుంటారు, బహుమతి ఎన్ని రెట్లో లాటరీ చక్రం తేలుస్తుంది, నిమిషాల్లో ఆట ముగుస్తుంది. 2017లో పోకర్‌స్టార్స్ పాత పాయింట్ల పద్ధతి తీసేసి, లోపల ఏముందో తెరిచేదాకా తెలియని పెట్టెలను బహుమతులుగా ఇవ్వసాగింది. ఇలాంటివి రెగ్యులర్‌కు ముందుగా లెక్కవేసుకునే అవకాశం తగ్గిస్తాయి, నిజమే. కానీ సరదా ఆటగాడికి తెచ్చింది జ్ఞానం కాదు, మరింత ఉద్వేగం. అతని కళ్లు కప్పే అదృష్టపు పొరను ఇవి ఇంకా దట్టం చేశాయి. రెగ్యులర్‌కు తగ్గించిన వాటా సరదా ఆటగాడి జేబులో ఎంత మిగిలింది, సైటు ఖజానాకు ఎంత చేరింది అని అడిగే హక్కు మనకుంది. మొత్తం మీద చూస్తే ఈ సంస్కరణల్లో అధికభాగం కాపాడుతున్నది ఆటగాడు వేసిన డిపాజిట్‌నే గానీ ఆటగాణ్ని కాదు. పోగొట్టుకునే వేగం తగ్గింది. పోగొట్టుకుంటున్నానన్న ఎరుక మాత్రం పెరగలేదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. వయసు వచ్చిన మనిషి తన డబ్బు ఖర్చుపెట్టి వినోదం కొనుక్కుంటాడు. సినిమాకి వెళ్లినవాడూ డబ్బు వదులుకునే వస్తాడు, అతణ్ని నష్టపోయాడని ఎవరూ అనరు. పోకర్‌లో పోయిన సొమ్మును కూడా సరదాకి చెల్లించిన ధర అనుకుంటే ఎవరికి అభ్యంతరం? మనిషి స్వేచ్ఛను గౌరవించే ఈ వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. అందుకే దాన్ని చివరిదాకా గౌరవిద్దాం. ధర అన్నప్పుడు అది కొనేముందు తెలియాలి. సినిమా టికెట్ మీద ధర అచ్చువేసి ఉంటుంది. ఈ స్థాయి టేబుల్ మీద నీలా ఆడేవాడు గంటకు సగటున ఎంత పోగొట్టుకుంటాడో సైటుకు తెలుసు. ఆ అంకె మాత్రం తెర మీద ఉండదు. బ్రిటన్‌లో స్లాట్ మెషిన్లు పెట్టిన సొమ్ములో సగటున ఎంత శాతం తిరిగి ఇస్తాయో ఆటగాడికి తెలపాలన్న నియమం ఉంది. అదృష్టపు యంత్రానికి వర్తించే సత్యనియమం మనిషికి మనిషి ఎదురుపడే ఆటలో లేకపోవడానికి న్యాయమైన కారణం కనిపించదు. ఇంకో సంగతి. ఇష్టం అనేది ఎప్పుడూ ఒకే గట్టితనంతో ఉండదు. ఋగ్వేదం పదో మండలంలోని అక్షసూక్తంలో జూదరి తన భార్య దూరమైనందుకు ఏడుస్తాడు, ఇక ఆడనని నిశ్చయించుకుంటాడు, పాచికల చప్పుడు వినగానే మళ్లీ వెళతాడు. అంత పాత కాలంలోనే గుర్తించిన ఈ బలహీనతను, అర్ధరాత్రి ఫోన్‌కు బోనస్ సందేశం పంపేవాడు ఎరగనట్టు ఉండలేడు. అలా కూడగట్టిన అంగీకారాన్ని స్వేచ్ఛ పేరుతో సమర్థించుకోలేం.

రెండో ఆక్షేపణ ఆచరణకు సంబంధించింది. నీవు ఓడేవాడివని ప్రతివాడికీ చెబితే అందరూ లేచిపోతారు, ఆట చచ్చిపోతుంది అంటారు. కొందరు లేచిపోతారు, నిజమే. వాళ్లు లేచిపోవడం వాళ్లకు మేలు. కానీ అందరూ లేచిపోతారన్నది మనుషులను తక్కువగా అంచనా వేయడం. ఓడతామని తెలిసీ పరుగుపందెంలో వేలమంది పరిగెత్తుతారు, సంగీత పోటీల్లో పాడతారు. స్థాయి తెలిసినవాడు తన స్థాయికి తగిన చోట ఆడతాడు, లేదా నేర్చుకుంటాడు. నన్నయ తెలుగు చేసిన నలోపాఖ్యానం ఈ దారి చూపుతుంది. తమ్ముడు పుష్కరుడి చేతిలో సర్వం ఓడిన నలుడికి విముక్తి జూదం మీద నిషేధంగా రాలేదు, జ్ఞానంగా వచ్చింది. ఋతుపర్ణుడనే రాజు అతనికి అక్షహృదయం అనే విద్య నేర్పాడు. ఆ విద్యతో తిరిగి గెలిచిన నలుడు ఓడిన తమ్ముణ్ని తరిమేయలేదు, అతని భాగం అతనికిచ్చి పంపాడు. ఆ కథ ధర్మరాజుకు చెప్పిన బృహదశ్వుడు కథతో ఊరుకోక అతనికీ ఆ విద్య ఇచ్చాడు. ఓడినవాణ్ని ఓదార్చడం చాలదనీ, తెలివిడి ఇవ్వాలనీ ఆ మహర్షి గ్రహించాడు. సైట్లు కూడా తమ దగ్గరున్న సమాచారంతో ఆటగాడికి అతని తప్పులు చూపగలవు, అతని స్థాయివాళ్లతోనే కూర్చోబెట్టగలవు, నెలకోసారి నికరంగా ఎంత పోయిందో దాచకుండా పంపగలవు. ఈ అవసరం రోజురోజుకీ పెరుగుతోంది. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు చేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రామ్ ఆరుగురి పోకర్‌లో వృత్తి ఆటగాళ్లనే ఓడించింది. యంత్రాల సాయంతో అభ్యసించినవాడికీ ఊరికే కూర్చున్నవాడికీ మధ్య దూరం ఇక తగ్గేది కాదు.

అసలు ఇంత తర్కమెందుకు, నిషేధిస్తే పోదా అన్నది మూడో మాట. రాజు తన రాజ్యంలో జూదాన్ని ఉండనివ్వకూడదని మనుస్మృతి ఆ పక్షాన నిలిచింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ అదే దారి వేసింది. డబ్బు ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా విధించవచ్చంది. ఆడినవాణ్ని శిక్షించకుండా నడిపినవాణ్ని పట్టుకోవడం నేను పైన చెప్పిన ధర్మానికి దగ్గరగానే ఉంది. రుణయాప్‌ల అప్పులతో ఆడి కుటుంబాలు కూలిపోయిన రాష్ట్రాల్లో ఆ చట్టం వెనకున్న బాధను కాదనలేం. అయితే నిషేధం ప్రశ్నను ఇక్కడ ఆపింది గానీ తీర్చలేదు. సరిహద్దుల అవతలి నుంచి నడిచే సైట్ల మీద నియమాన్ని అమలు చేయడం కష్టం. న్యూజెర్సీ, నెవాడా వంటి రాష్ట్రాల్లో 2013 నుంచీ ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల ఫోన్లలో ఆ బల్ల తెరిచే ఉంటుంది. కౌటిల్యుడికి జూదరుల మీద భ్రమలేమీ లేవు, వాళ్లలో ఎక్కువమంది కపటంగా ఆడేవాళ్లేనని రాశాడు. అయినా ఓడినవాడికి పెద్ద జరిమానా వేస్తే ఫిర్యాదుకు ఎవరూ రాజు దగ్గరకు రారని వాదించి, బలహీనుడు గొంతెత్తే దారి మూసుకుపోకుండా చూశాడు. ఆట ఉన్న చోట ఓడేవాడి వైపు నుంచి నియమం రాయాలన్న ఆ దృష్టి నిషేధించినవారికీ అనుమతించినవారికీ సమానంగా అవసరం.

కాబట్టి సరదా ఆటగాడికీ రెగ్యులర్‌కూ మధ్య సమతుల్యం అన్న మాటను నేను అలాగే అంగీకరించలేను. ఎవరి డబ్బు ఎంత వేగంగా ఎవరికి చేరాలో చీకట్లో సర్దడం న్యాయం కాదు. రెగ్యులర్‌కు ఇచ్చిన మాట అతని ఏడాది శ్రమ ముగిసే వేళ తప్పకూడదు. సరదా ఆటగాడికి అతని నిజమైన లెక్క మొదటి రోజు నుంచీ కనిపించాలి. ఈ రెండు బాకీలూ ఒకే ధర్మంలోంచి పుట్టాయి. తెలిసినవాడు సత్యం దాచి లాభపడకూడదు. నిజం తెలిసీ ఇష్టపడి కూర్చున్నవాళ్ల మధ్య నిపుణుడు గెలిస్తే దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు. ఆ గెలుపు అతని శ్రమకు దక్కిన ఫలమే. నిజం చెబితే మా సభ నిలవదని సభికుడే అంటే, తన ఆదాయం దేని మీద ఆధారపడిందో అతనే ఒప్పుకున్నట్టు. అలాంటి సభను మూయించడానికి మనువు దాకా వెళ్లనక్కర్లేదు, ఆ ఒప్పుకోలు ఒక్కటీ చాలు.